బందరుకి నేను వేసిన మార్కులు

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. సామాన్ల వ్యాను గేటు ముందు పెట్టుకుని ఇంటివాళ్ళ ఊరికి మార్కులు వేసి చూడు అని ఎందుకు చేర్చలేదో నాకు తెలియదు. చేర్చి ఉంటే, బందరులో గాలి ధారాళంగా వచ్చే మేడమీది వాటాని, అందులో కాలైనా పెట్టకముందే చేజార్చుకోబోయేవాణ్ణి కాదు. ఎలా చేజార్చుకోబోయానో చెబుతాను. నవ్వండి, ఫర్వాలేదు. ఆ రోజు వ్యాను డ్రైవరు కూడా నవ్వాడు.

ముందు నా జబ్బు సంగతి చెప్పాలి. నేను ఇంజనీర్ని. ఏది కనబడినా పట్టిక వేస్తాను. పెళ్ళైన కొత్తలో మా అత్తగారి కూరలకి కూడా వేశాను. మా ఆవిడ సునీత సమయానికి చూసి చెరిపేసింది కాబట్టి బతికాను. ఆ మధ్య, నివసించడానికి మేలైన నగరాలు అంటూ ఫోన్లో ఒక జాబితా తిరిగింది. ఎంత కిందికి వెతికినా మా వైపు ఊరు ఒక్కటీ లేదు. రోషం పొడుచుకొచ్చింది. వాళ్ళు వెయ్యకపోతే నేనే వేస్తానని గుడివాడ, అవనిగడ్డ, బందరు మూడింటికీ నీళ్ళు, గాలి, దోమలు, బస్సులు, చేపలు అని గళ్ళు గీసి, పదేసి మార్కులకి దిద్దాను. గుడివాడ ఫస్టు. నేను పుట్టింది గుడివాడలో అన్నది యాదృచ్ఛికం. అవనిగడ్డ సెకండు. సునీతది ఆ అవనిగడ్డ ఉన్న దివిసీమే అన్నది కూడా యాదృచ్ఛికమే. బందరు థర్డు. బందరులో మాకెవరూ లేరు.

పట్టిక ఆరకముందే సునీతకి బందరు కాలేజీలో లెక్చరర్ ఉద్యోగం వచ్చింది. నాది ఇంట్లోంచి చేసుకునే పని కాబట్టి కాపురం అక్కడికే అనుకున్నాం. ఇల్లు మాత్రం ఓ పట్టాన దొరకలేదు. చివరికి రత్నకుమారిగారని రిటైరైన లెక్కల టీచరు, తను కింద ఉంటూ మేడమీది వాటాని సునీత ముఖం చూసి ఇచ్చారు. సామాన్లు దించే రోజే సునీత ఉద్యోగంలో చేరాలి. కాలేజీ దగ్గర దిగిపోతూ, "మీరు సామాన్లు దించండి చాలు, మాట్లాడకండి" అంది.

టీచరుగారు నన్ను వరండాలో కూర్చోబెట్టి బందరు లడ్డూ, మంచినీళ్ళు ఇచ్చారు. చేపల వ్యాపారం చేసే పక్కింటి వీరాస్వామిగారు కూడా వచ్చి కూర్చున్నారు.

"ఏం ఊరో బాబూ మా బందరు, ఉక్కపోతకి ప్రాణం పోతుందనుకో" అన్నారు టీచరుగారు విసనకర్ర ఊపుతూ.

"దోమలో? మనిషిని లేపుకెళ్ళిపోతాయి" అని అందుకున్నారు వీరాస్వామిగారు. "రైలు కూడా ఇక్కడిదాకా వచ్చి, ఇక నావల్ల కాదని ఆగిపోద్ది."

కాకి తన పిల్ల నల్లగా ఉందని తనే అంటుంది. పక్క కాకి ఔనంటే మాత్రం కళ్ళు పొడుస్తుంది. ఆ సమయంలో బుద్ధున్నవాడు ఏమనాలి? "అదేంటండీ, బంగారం లాంటి ఊరు" అనాలి. నేనేమన్నాను?

"కరెక్టండీ! అందుకే దోమల్లో రెండే వేశాను."

విసనకర్ర ఆగింది.

"ఏం వేశావూ?"

"మార్కులండీ" అంటూ ఉత్సాహంగా ఫోన్ తీసి చేతికిచ్చాను. మేక తనే కత్తి నూరి కసాయివాడికి అందించినట్టు.

ఆవిడ కళ్ళజోడు సవరించుకుని పై నుంచి కిందిదాకా చదివారు. "కూడిక సరిగ్గానే ఉంది. బుర్రే లేదు."

"చేపల్లో మాకెంతండీ?" అన్నారు వీరాస్వామిగారు.

"ఆరు. గుడివాడకి ఎనిమిది."

"ఏమయ్యా, గుడివాడలో సముద్రం ఏ వీధిలో ఉంది? స్టేషను వెనకా?"

"మా ఇంటికి మార్కెట్ దగ్గరండీ. ఆ వెయిటేజీ కలిపితే..."

"అవనిగడ్డ కంటే కూడా కిందేనా?" అన్నారు టీచరుగారు చల్లగా. "అయితే థర్డు వచ్చిన ఊళ్ళో నీకేం ఖర్మ బాబూ? ఫస్టు వచ్చిన ఊరికే వెళ్ళు. వ్యాను ఎలాగూ గేటు దగ్గరే ఉందిగా."

డ్రైవరు తొంగిచూశాడు. "సార్, మంచం సగం దింపాం. దించమంటారా, ఎక్కించమంటారా?"

టీచరుగారి చేతిలోనే ఫోన్ మోగింది. తీసుకున్నాను. సునీత.

"దించేశారా?"

"చర్చ జరుగుతోంది."

"దేని మీద? ఏవండీ, ఆ పట్టిక చూపించలేదు కదా?"

సిగ్నల్ లేనట్టు "హలో, హలో" అని పెట్టేశాను. గబగబా బందరు గళ్ళన్నిటిలో పదులు నింపి, "ఇదిగోండి టీచరుగారూ, ఇప్పుడు బందరే ఫస్టు!" అన్నాను.

"దోమలకి పదా?" ఆవిడ కోపం రెట్టింపైంది. "ఊరకే వేసే మార్కులు నా సర్వీసులో చూడలేదు. అసలు బందర్లో ఎన్నాళ్ళున్నావు?"

"ఇప్పుడేనండీ... లడ్డూ తిన్నంతసేపు."

"అంటే పిల్లవాడు పేపరు రాయకముందే దిద్దేశావన్నమాట." కాసేపు నన్నూ, సగం దిగిన మంచాన్నీ మార్చి మార్చి చూశారు. "దించించు. ఏడాది ఉండు. పరీక్ష అయ్యాక చూద్దాం."

"ఊరికా అండీ పరీక్ష?"

"నీకు."

బీరువాకి మొదట భుజం పట్టింది వీరాస్వామిగారే. మెట్లెక్కుతున్నంతసేపూ "ఆరంట, ఆరు!" అని గొణుగుతూనే ఉన్నారు. ఆ సాయంత్రం వాళ్ళింటి నుంచి వంజరం చేప పులుసు వచ్చింది, "ఇప్పుడెంతో కనుక్కోమన్నారు" అన్న కబురుతో సహా. కబురూ పులుసూ ఇప్పటికీ ఆగలేదు. పొద్దువాలగానే మేడమీదికి వచ్చే సముద్రపు గాలికి, పగలంతా పడ్డ ఉక్క మర్చిపోతాం. తుఫాను హెచ్చరిక వచ్చిన రోజున నేను సునీతని కాలేజీ నుంచి తీసుకొచ్చేసరికి, అడక్కుండానే మా డ్రమ్ముల నిండా నీళ్ళు పట్టి ఉన్నాయి. వెతికాను. గాలికి, చేపలకి, నీళ్ళకి గళ్ళున్నాయి గాని, ఈ మనుషులకి నా పట్టికలో గడే లేదు.

ఏడాది తిరిగింది. గుడివాడ నుంచి మా పిన్ని కొడుకు చంటి వచ్చాడు. వరండాలో కూర్చోబెట్టి లడ్డూ ఇచ్చాను.

"ఏం ఊర్రా బాబూ" అన్నాను. "ఉక్క. దోమలు. రైలు కూడా ఇక్కడికొచ్చి ఆగిపోతుంది."

"అవునన్నయ్యా, గుడివాడ ముందు ఇదో ఊరా?" అన్నాడు వాడు.

"నీకేం తెలుసురా!" లేచి నిలబడ్డాను. "నువ్వొచ్చి ఎంతసేపైంది? లడ్డూ కూడా పూర్తి చెయ్యలేదు! ఇక్కడి గాలి చూశావా? వంజరం పులుసు తిన్నావా?"

చంటి నోట్లో లడ్డూ అలాగే ఉండిపోయింది. లోపల్నుంచి విసనకర్ర చప్పుడుతో పాటు టీచరుగారి గొంతు వినబడింది.

"పాస్!"

కాబట్టి, దేవుడి సాక్షిగా, వీరాస్వామిగారి పులుసు సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇక ఈ జన్మలో ఏ ఊరికీ మార్కులు వెయ్యను. ఇక బందరు అంటారా, తిట్టవలసి వస్తే మేం తిట్టుకుంటాం. బయటివాళ్ళు శ్రమపడక్కర్లేదు.