ఉప్పుగూడ మిర్రర్

ఈ ఉదయం కంప్యూటర్‌లో అప్‌డేట్ పెట్టి టీ తెచ్చుకునేసరికి, అది ఎప్పటిలాగే, కొత్త సాఫ్ట్‌వేర్ కోసం వెతికే చిరునామాల్లో మొదటిదాని దగ్గర ఆగి ఎదురుచూస్తోంది. పక్కన పాత హార్డ్‌డిస్కు సన్నగా గరగరలాడుతోంది. ఆ చప్పుడు వింటే నాకు ఉప్పుగూడ స్టేషను అవతల ఒక కాలేజీ మేడమీది గది, అందులో డేవిడన్న గుర్తొస్తాడు.

డేవిడన్న ఆ కాలేజీలో కంప్యూటర్ ల్యాబు చూసేవాడు. రెండువేల సంవత్సరం దాటిన తొలి రోజులవి. ఇంట్లో ఫోను లైను మీద ఒక సాఫ్ట్‌వేర్ దించుకోవాలంటే పూటంతా పట్టేది. మధ్యలో లైను తెగితే మళ్లీ మొదటికి. అందుకని విదేశాల్లోని ఉచిత సాఫ్ట్‌వేర్ భండారానికి అచ్చమైన నకలు ఒకటి అతను కాలేజీ సర్వరులో ఉంచేవాడు. దాన్నే మిర్రర్ అంటారు. జహనుమా నుంచి, మాదన్నపేట నుంచి కావలసినవి కాపీ చేసుకుపోవడానికి జనం ఖాళీ సీడీలు పట్టుకుని వచ్చేవారు. పత్రికలో సబ్‌ఎడిటర్‌నైన నేను దాని మీద ఒక వార్త రాద్దామని వెళ్లాను. వార్త అచ్చయింది, నా రాకపోకలు మాత్రం ఆగలేదు. డ్యూటీ సాయంత్రమే కాబట్టి ఉదయాలు అక్కడే గడిచేవి.

క్లాసులు మొదలుకాకముందు, లైను ఖాళీగా ఉన్నప్పుడు, అసలు భండారంలోని మార్పులను అతను మా నకలులోకి తెచ్చేవాడు. ముందు కొత్త ఫైళ్లు. అవన్నీ దిగాక, ఏమేం ఉన్నాయో చెప్పే జాబితా. పాత ఫైళ్లు తీసేయడం అన్నిటికన్నా చివర. జాబితా చిన్నదే కదా, ముందే తెచ్చేస్తే పోలేదా అని ఒకరోజు అడిగాను.

"మధ్యల లైను పోతే ఏంది తమ్మీ? జాబితాల పేరుంటది, లోపల సామానుండది. మాదన్నపేట కెల్లి బస్సెక్కి వచ్చినాయనకు ఏం చెప్తవ్? మీ పేపరోళ్లకేం, వార్త రాకముందే హెడ్డింగు పెడ్తరు."

మా డెస్కు సంగతి అతనికి ఎవరు చెప్పారో ఇప్పటికీ తెలియదు.

కొన్నేళ్లకు ఇళ్లలోకి వేగమైన లైన్లు రావడం మొదలైంది. ఆఫీసుకు గది కావాలని, సర్వరు వెంటనే ఆపమన్నారు కాలేజీవాళ్లు. లైన్లు ఇంకా అందని వాళ్లు సీడీలు పట్టుకొచ్చి, మూసిన తలుపు చూసి తిరిగిపోతారన్నదే డేవిడన్న దిగులు. ఎవరో బయటివాళ్ల కోసం మనకెందుకయ్యా ఈ లొల్లి అన్నారట ప్రిన్సిపాలు. డేవిడన్న వాదించలేదు. రోజూ వెళ్లి ఆయన గది బయట నిలబడ్డాడు. చివరకు వేసవి సెలవుల దాకా గడువిచ్చారు. ఆలోగా ఊరికి ఆ చివరనున్న మరో కాలేజీకి డిస్కులు మోసుకెళ్లి, నకలంతా ఎక్కించి, అది సరిగా నడుస్తోందని చూసుకున్నాడు. ఆ తర్వాతే మా తలుపు మీద కొత్త చిరునామా అతికించాడు. సర్వరు ఆపింది ఆఖరున.

ఆపాక, లోపల డిస్కు తిరగడం పూర్తిగా నిలిచేదాకా పెట్టె మీద చెయ్యి తీయలేదు.

"ఎవ్వరు ఉత్తచేతుల్తోని వాపసు పోలే. గంతే సాలు" అన్నాడు.

డేవిడన్న పోయి చాలా కాలమైంది. ఎన్ని కంప్యూటర్లు మారినా, అతను స్వయంగా పెట్టిచ్చిన ఆ పాత సర్వరు చిరునామాను జాబితాలో మొదటి వరుసలోనే వెంట తెచ్చుకుంటున్నాను. ప్రతిసారీ కంప్యూటర్ ముందుగా ఉప్పుగూడ వెళ్లి తలుపు తడుతుంది, కాసేపు చూస్తుంది, జవాబు లేక రెండో చిరునామాకు పోతుంది. ఆ వరుస తీసేయడం క్షణం పని. కానీ కొత్తది దిగాకే పాతది తీయాలని నేర్పింది అతనే. అతని చోటికి ఇంకా ఏదీ దిగలేదు.