ఊరంతా లేచి నిలబడిన రోజు

మొన్న బందరు బస్టాండు బయట ఎవరో తేగలు కాలుస్తుంటే ఆ కమ్మటి మాడు వాసన తగిలి, ఎక్కాల్సిన బస్సు ఎక్కకుండా నిలబడిపోయాను. చిన్నప్పుడు మొవ్వ దగ్గర మా ఊళ్లో చలికాలమంతా ఇదే వాసన: కుప్పనూర్పుల దుమ్ము ఒంటినిండా అంటించుకుని, గడ్డివాముల వెనక దాగుడుమూతలాడి, సాయంత్రానికి తేగ చీల్చి లోపల చందమామ అనే లేత ఆకు కోసం కొట్టుకునేవాళ్లం. కొత్త బియ్యం అన్నం ముద్దవుతోందని నాయనమ్మ రోజూ సణుగుతూనే రెండోసారి వడ్డించుకునేది.

ఆ ఏడు నేను అయిదో తరగతి. మా బడి అయిదుతో సరి. ఆరుకు మొవ్వ వెళ్లాలంటే కాలవ గట్టున ఒక్కదాన్నే నడవాలి. ఆడపిల్లను అలా పంపేది లేదని నాన్న ముందే తేల్చేశాడు. ఊళ్లోనే ఆరూ ఏడూ పెట్టాలంటే గదులు ఊరివాళ్లే కట్టుకోవాలట. అందుకు ఇంటి పన్ను పెంచుదామని పంచాయతీవాళ్లు సభ పెట్టారు. పన్ను మాటెత్తితే నాన్నకు ఒళ్లు మండేది. అరుగు మీద కూర్చుని, ఒప్పుకోవద్దని వచ్చేపోయేవాళ్లందరికీ నూరిపోశాడు. నాకైతే అన్నం సహించలేదు.

సభ బడి ఆవరణలోనే. మగవాళ్లు గోనెపట్టాల మీద, ఆడవాళ్లు గోడవార, పిల్లలం కిటికీలకు వేళ్లాడుతూ. ఒప్పుకున్నవాళ్లను లేచి నిలబడమన్నారు ప్రెసిడెంటుగారు. ముందు వరసలో నలుగురైదుగురు లేచారు, అంతే. నాన్న బాసింపట్టు మరింత బిగించాడు. నా చదువు అక్కడితో సరి అనుకున్నాను.

అప్పుడే మా పెద్దమేష్టారు గొడుగు మడుచుకుంటూ గేటులోంచి వచ్చారు. ఊళ్లో సగం మంది ఆయన బెత్తం రుచి చూసినవాళ్లే. ఆయన కనపడితే కూర్చుని ఉండటం ఎవరికీ చేతకాదు. సభంతా లేచింది. నాన్న భుజం మీది తువ్వాలు చేతిలోకి తీసుకుని మరీ లేచాడు. ప్రెసిడెంటుగారు గడుసు మనిషి. లేచినవాళ్లు అలాగే ఉండండి, లెక్కపెట్టుకుంటామన్నారు. వెనకనుంచి నవ్వులు, గొణుగుళ్లు. మేష్టారు నిలబడి ఉండగా కూర్చునేదెవరు?

సంగతి తెలియని మేష్టారు నాన్న దగ్గర ఆగారు.

“ఏంటిరా, అందరూ దేనికి లేచారు?”

నాన్న కిటికీలో ఉన్న నాకేసి చూశాడు.

“బడికేనండీ,” అన్నాడు.

మేష్టారు వెళ్లి కుర్చీలో కూర్చున్నాక కొందరు మెల్లగా చతికిలబడ్డారు. నాన్న కూర్చోలేదు. అరుగు మీద ఆయన మాటలు విన్నవాళ్లు కూడా ఆయన్ని చూసి అలాగే ఉండిపోయారు. లెక్క తేలింది, పన్ను నెగ్గింది. నేను కిటికీ ఊచ పట్టుకుని ఏడ్చేశాను.

ఆ గదులు ఇప్పుడు లేవు. మేష్టారూ లేరు, నాన్నా లేడు. ఇంటి పన్ను ఫోనులో కట్టేస్తున్నాం, లేవమని ఎవరూ ఎవర్నీ అడగరు. బతికినన్నాళ్లూ నాన్న ఆ పన్నును తిట్టుకుంటూనే కట్టాడు. ఆ రోజు ఆయన లేచింది మేష్టారి కోసమే, నాకు తెలుసు. కూర్చోనిది మాత్రం నా కోసం.