గోడ మీదుగా డేరాలు

మొన్న మంగళవారం పొద్దున నేను వసారాలో కూర్చొని పేపరు తిరగేస్తూ ఉంటే, లోపలి గదిలోంచి మా మనవరాలు ఫోనులో ఎవరికో "లేదు సార్, ఆఫీసుకు రాలేదు సార్, నాకు ఈరోజు బ్రేకు కదా" అని జవాబు చెబుతున్న మాట చెవిన పడింది. కర్నూలులో ఒక సర్కారు కార్యాలయంలో ఏజెన్సీ తరఫున కంప్యూటరు పని చేస్తున్న పిల్ల అది. ఆరు నెలలకొకసారి కాగితం మీద రెండు రోజులు ఉద్యోగంలోంచి తీసేసి, మూడో రోజు కొత్తగా చేర్చుకున్నట్టు రాసుకుంటారట, ఆ రెండు రోజులూ ఆదోనికి మా ఇంటికి వస్తుంది. పోనీలే, పిల్లకు సెలవు దొరికింది కదా అనుకొని తొంగి చూస్తే, ఒళ్ళో ల్యాప్‌టాప్ పెట్టుకొని ఆఫీసు పనే చేస్తోంది. పై అధికారి ఫలానా ఫైలు కావాలంటాడు, ఈ పిల్ల పంపుతుంది, హాజరు పుస్తకంలో మాత్రం ఈ పిల్ల ఆ రోజు లేదు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ మంటలో సగం ఆ అధికారి మీద, తక్కిన సగం నా మీద. ఎందుకంటే ఆ "రాలేదు సార్" అనే మాట డెబ్భై ఏళ్ళ కిందట ఈ ఊళ్ళోనే నేనూ ఒకసారి అన్నాను. మీరు నా ఈడువాళ్ళు, సర్కారు నౌకరీలో తల నెరిసినవాళ్ళు, మీకైతే చెప్పుకోవచ్చు.

ఆదోని బళ్ళారి జిల్లాలోంచి కర్నూలు జిల్లాలోకి మారిన కొత్తలో, రైలు స్టేషనుకు ఆవలగా మిలిటరీవాళ్ళ డేరా గోడౌను ఒకటుండేది. యుద్ధకాలంలో ఎవరిదో దూది గోడౌను అద్దెకు తీసుకున్నారు, యుద్ధం అయిపోయాక ఖాళీ చేయాలన్న సంగతి ఎవరికీ తోచలేదు. ఎక్కడెక్కడి దండుల్లోనో చిరిగిన డేరాలు గూడ్సు బండిలో వచ్చి పడేవి, వాటిని కుట్టి మళ్ళీ బండెక్కించాలి. రక్షణ శాఖలో ఉద్యోగమంటే తుపాకులూ కవాతులూ కళ్ళకు కట్టి, ఎస్సెస్సెల్సీ ప్యాసైన ఉత్సాహంతో జూనియరు గుమాస్తాగా చేరాను. నేను అక్కడ చూసిన దేశరక్షణ ఎట్లాంటిదో చెబితే మీరు నవ్వుతారు. ఆఫీసరు పదకొండుకు వచ్చి, పన్నెండున్నరకు భోజనానికి పోయి, నిద్ర లేచాక బుద్ధి పుడితే తిరిగి వచ్చేవాడు. పొద్దున ఎనిమిదింటికి గంట కొట్టడానికి ఒక ప్యూను, సాయంత్రం ఐదింటికి కొట్టడానికి ఇంకొక ప్యూను ఉండేవారు; పొద్దున కొట్టినవాడు సాయంత్రం దాకా కనిపెట్టుకొని ఉండడం తన హోదాకు తక్కువని ఆ మొదటివాడి అభిప్రాయం. పర్మనెంటు కూలీలు ఆరుగురు. డేరా మడత ఎటునుంచి విప్పాలో ఆ ఆరుగురిలో ఒక్కడికీ తెలియదు. ఒకడు ఆఫీసరు ఇంటి గేదెను మేపేవాడు, ఒకడు హెడ్‌గుమాస్తా పిల్లల్ని బడికి తీసుకెళ్ళేవాడు, తక్కిన నలుగురూ గోడౌను నీడలో వేరుశనగ బుడ్డలు వేయించుకు తింటూ పులిజూదం ఆడేవారు. ఇంత సిబ్బందీ చాలడం లేదని, ఇంకా ముగ్గురిని పంపవలసిందని పైకి కాగితం పోయింది. అది రాసింది నేనే, చాలా అందమైన దస్తూరితో.

మరి డేరాలు కుట్టేదెవరంటే, కాంట్రాక్టరు తెచ్చిన మనుషులు. దూది వ్యాపారంలో దెబ్బతిని ఈ మనుషుల వ్యాపారంలోకి దిగిన పెద్దమనిషి ఆ కాంట్రాక్టరు. అతని కింద పన్నెండు మంది కుట్టుపనివాళ్ళు ఉండేవారు, వాళ్ళలో ఒకడు మా మామ, మా అమ్మకు అన్న. ఎమ్మిగనూరులో మగ్గం నేసే మనిషి. మా నాన్న నేను చంటివాడిగా ఉన్నప్పుడే పోతే, మమ్మల్నిద్దరినీ తన ఇంటికి తెచ్చుకొని, తన బిడ్డతో సమానంగా పెంచి, నన్ను హైస్కూలు దాకా చదివించాడు. మగ్గం పని పలచబడ్డాక ఆదోనికి వచ్చి ఈ దబ్బనం పట్టాడు. అరచేతికి తోలు పట్టా కట్టుకొని, మైనం రుద్దిన దారంతో మా మామ వేసిన కుట్టు చూస్తే, అతికిన చోటు చేత్తో తడిమితే గాని తెలిసేది కాదు. ఎనిమిది గంటా ఐదు గంటా వాళ్ళకు వర్తించేవి కావు. తెల్లవారగానే కూర్చొనేవాళ్ళు, పొద్దు గూకి సూది బెజ్జంలోకి దారం ఎక్కనప్పుడు లేచేవాళ్ళు. అప్పటికే మామకు నలభై దాటింది, కళ్ళు కొంచెం కొంచెం మసకేస్తున్నాయి. పర్మనెంటు అయితే కళ్ళు పోయినా పింఛనుంటుందని, మా అమ్మ కనబడిన దేవుడికల్లా మొక్కుకొనేది.

ఇక ఆ గోడౌనులో ఒక ఆచారముండేది, దాన్ని తలచుకుంటే ఇప్పటికీ నాకు అసహ్యం వేస్తుంది. తెగకుండా ఏడాది పనిచేసిన కుట్టుపనివాణ్ణి పర్మనెంటు చేయవచ్చని పైనుంచి ఒక ఉత్తరువు ఉంది. అందుకని కాంట్రాక్టరూ హెడ్‌గుమాస్తా కూడబలుక్కొని, మూడు నెలలకొకసారి వాళ్ళందరికీ రెండు రోజులు బ్రేకు అనేవారు. ఆ రెండు రోజులూ హాజరు పుస్తకంలో వాళ్ళ పేర్ల ఎదుట గడులు ఖాళీగా ఉండాలి. డేరాలు మాత్రం ఆగకూడదు. గేటు దాటి లోపలికి వస్తే వచ్చినట్టు లెక్క కాబట్టి, మా మామా వాళ్ళూ గోడ అవతల ముళ్ళకంపల మధ్య బయలులో కూర్చొనేవాళ్ళు. గేటులోంచి డేరాలు బయటికి పోతే కావలివాడి పుస్తకంలో రాయాలి కాబట్టి, చిరిగిన డేరాల్ని గోడ మీదుగా అవతలికి విసిరేవారు. సాయంత్రానికి కుట్టిన డేరాలు గోడ మీదుగానే ఇవతలికి వచ్చి పడేవి. ఎన్ని పోయాయో ఎన్ని వచ్చాయో చూడడానికి ఒక ముక్కాలిపీట ఎక్కి నిలబడి గోడ మీదుగా తల పెట్టి చూసే ఉద్యోగం నాది. ఎండలో నెత్తికి తువ్వాలు చుట్టుకొని కుడుతున్న మామ, అప్పుడప్పుడూ తలెత్తి నన్ను చూసి నవ్వేవాడు. మేనల్లుడు సర్కారు గుమాస్తా అయ్యాడని ఆయనకు గర్వం. నేను పీట దిగి లోపలికి పోయి, ఆయన పేరు ఎదుట గడి ఖాళీగా వదిలేవాణ్ణి.

అట్లా ఉండగా మద్రాసు నుంచి ఒక పెద్ద ఆఫీసరు వచ్చాడు, పర్మనెంటు కుట్టుపనివాడి పోస్టు ఒకటి మంజూరైంది, దానికి మనిషిని ఎంచుకోవడానికి. ఆ ఒక్క దినం మా ఆఫీసరు ఎనిమిదింటికే వచ్చాడు. గేదె మేపేవాడు కూడా ఎక్కడినుంచో ఖాకీ చొక్కా తెచ్చుకొని వేసుకున్నాడు. పెద్దాయన పన్నెండు మందినీ వరసగా కూర్చోబెట్టి, తలా ఒక చింపు ఇచ్చి కుట్టమన్నాడు. మామ కుట్టింది చేతిలోకి తీసుకొని, అటూ ఇటూ తిప్పి చూసి, చింపు ఎక్కడుందని అడిగాడు. ఆయన మొహంలో మెప్పు చూసి నా గుండె ఎగిరింది. తరువాత హాజరు పుస్తకం తెప్పించి, ఆ ఖాళీ గడుల మీద పెన్సిలు పెట్టి, ఈ దినాలు ఇతను పనికి వచ్చాడా లేదా అని నన్నే అడిగాడు. నా ఉద్యోగం ఖాయం కావడానికి ఇంకా ఒక నెల ఉంది. హెడ్‌గుమాస్తా నా వెనక నిలబడి మెల్లగా దగ్గాడు. అంతే, నన్ను ఎవరూ కొట్టలేదు, బెదిరించలేదు, ఒక దగ్గు చాలింది నా మొహానికి.

"రాలేదు సార్" అన్నాను.

పెద్దాయనకు నమ్మకం కుదిరినట్టు లేదు. హెడ్‌గుమాస్తా చేత అదే మాట మామను అడిగించాడు. మామ నా వైపు చూడనైనా చూడకుండా లేచి నిలబడి, "నిజమే సామీ. ఆ దినాలు నేను గేటు లోపలికి అడుగు పెట్టలేదు. ఈ పిల్లోడు రాసిందే సరి" అన్నాడు.

ఆ పోస్టు కాంట్రాక్టరు బావమరిదికి పోయింది. అతను దబ్బనం ఏ చేత్తో పడతారో ఎరగడు, గోడౌనుకు ఎన్నడూ రాలేదు, పెద్దాయన వచ్చిన దినం కూడా, కానీ పుస్తకంలో పదమూడో పేరుగా ఏడాది పొడుగునా ఒక్క గడీ ఖాళీ లేకుండా హాజరున్నాడు. ఆ హాజరు కూడా నా దస్తూరే. పర్మనెంటు అయ్యాక కూడా అతని వంతు డేరాలు మా మామే కుట్టాడు.

ఆ సాయంత్రం మేమిద్దరం అద్దెకున్న గదికి నడిచి పోతూ నేను ఏడిస్తే, మామ నా భుజం మీద చెయ్యి వేసి, "యాల ఏడుస్తావు అల్లుడా? ఇద్దరమూ గోడ బయట పడితే మీయమ్మ ఏం తింటాది? ఒకడన్నా గోడ లోపల ఉండల్ల" అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేదని ఇన్నేళ్ళలో ఎన్నిసార్లు అనుకున్నానో.

నాలుగేళ్ళకు మామ సూదిలోకి దారం ఎక్కించలేకపోయాడు. ఆ మాటు బ్రేకు ఇచ్చినవాళ్ళు తిరిగి పిలవలేదు. ఎమ్మిగనూరుకు పోయి, పగటిపూట కూడా గోడ తడుముకుంటూ నడిచి, అట్లాగే పోయాడు. ఆయన కూతుర్నే నేను పెళ్ళి చేసుకున్నాను. ఇన్నేళ్ళ కాపురంలో ఈ సంగతి ఆమెకు చెప్పడానికి నోరు రాలేదు, ఆమె పోయి నాలుగేళ్ళయింది. నేను మాత్రం ముప్ఫై ఏళ్ళకు పైగా నౌకరీ చేసి, సన్మానం చేయించుకొని, ఇప్పటికీ నెలనెలా పింఛను తింటున్నాను. మా ఆఫీసర్లను గురించి ఎంత నీచంగా మాట్లాడినా నాకు తృప్తి ఉండదు, కానీ వాళ్ళందరి మధ్యా పీట ఎక్కి నిలబడినవాణ్ణి నేనే.

మొన్న ఇదంతా మా మనవరాలికి చెప్పాను. "మీ కాలంలో ఇట్లాంటివి లేవు కదా తాతా" అని అది అడగబట్టి చెప్పాను. మా మామకు మునిమనవరాలు కదా, తెలియాలనిపించింది. కాసేపు కీబోర్డు మీదినుంచి చేతులు తీసి విన్నది. "ఆ పీట ఎక్కింది నువ్వేనా తాతా?" అంది. నేనే అన్నాను. అది ఇంకేదో అనబోయింది, ఇంతలో ఫోను మోగింది.

ఆ గోడౌను కూల్చేసి చాలా కాలమైంది, గోడ ఉన్న చోట ఇప్పుడు సెల్‌ఫోన్ల అంగళ్ళున్నాయి. గోడ పోయింది గదా అని నేను సంతోషించి ఉండవలసింది. కానీ మా రోజుల్లో ఒక మనిషి పనికి రాలేదని చెప్పడానికి నాలాంటి గుమాస్తా ఒకణ్ణి జీతమిచ్చి పెట్టుకోవలసి వచ్చేది. ఇప్పుడు సర్కారుకు ఆ ఖర్చు కూడా మిగిలింది. లోపలి గదిలో మా మామ మునిమనవరాలు, వేళ్ళు టకటకా ఆడిస్తూనే, తనను గురించి తానే చెబుతోంది, "రాలేదు సార్" అని.