పక్క సీటు

మోత్కూర్ నుంచి నల్గొండ పోయే బస్సుల నా పక్కన ఒక పిల్ల కూసున్నది. ఆమె కాలు ఒక్కతీరు ఊగుతనే ఉన్నది. ఏం పని చేస్తవ్ బిడ్డా అంటే, యూనివర్సిటీల ఇంటర్నెట్ చట్టాల మీద పరిశోధన అన్నది.

"ఆడోళ్ల ఫోన్లు ఇంట్లోళ్లు తెరిసి చూడొద్దని సర్కారుకు రాస్తున్నం, పెద్దమ్మా."

అంతల వీడియో కాల్ వచ్చింది. ఎత్తి, ఫోన్ నా దిక్కు తిప్పింది.

"జర నవ్వుండ్రి పెద్దమ్మా. పక్కన ఆడమనిషే కూసున్నదని మా ఆయనకు సూపియ్యాలె."

నవ్విన. ఫోన్ పెట్టేసినంక ఆమె కాలు ఆగింది.

"గిది గూడ రాస్తరా బిడ్డా?" అని అడిగిన.

ఆమె కిటికీ దిక్కు తిరిగింది. ఆగిన కాలు మళ్ల ఊగవట్టింది.

ఇప్పటికీ బస్సుల పక్క సీట్ల ఫోన్ మోగితే చాలు, ఎవరూ అడగకముందే నా మొఖం నవ్వుతది.