రిగ్గు పోయినంక మిగిలిన రోడ్డు

దుబాయ్ అంటే మా ఊర్లె అందరి కండ్లల్ల ఒక్కటే బొమ్మ ఉండె. ఎటు చూసినా నూనె బావులు, మేడలు, కార్లు. నేను కూడ అదే బొమ్మ పట్టుకొని బొంబాయిల ఓడ ఎక్కిన. అది డెబ్బైల నడిమి ముచ్చట. దిగినంక మా కఫీల్, అంటే నన్ను పనికి పిలిపిచ్చుకున్న అరబ్బు సేటు, నన్ను జీపుల ఎక్కించుకొని రస్ అల్ ఖైమా దాటించి, కొండల నడుమ ఉన్న ఒక ఊరికి తోల్కపోయిండు. రాళ్లు పేర్చి కట్టిన ఇండ్లు, ఖర్జూర మట్టల పాకలు, మేకలు, ఒక బావి. కరెంటు లేదు, బడి లేదు, దవాఖాన లేదు. మా ఊరే నయం అనిపించింది. మాకు కనీసం బస్సన్న వస్తుండె.

అబుదాబీల నూనె పడి ఊర్లకు ఊర్లే లేస్తున్నయని ఇక్కడోళ్లు రేడియోల ఇనేటోళ్లు. ఒక్క దేశమే, ఒక్క జెండానే. కని వీళ్ల కొండకింద ఏమున్నదో అప్పటిదాకా ఎవరూ తవ్వి చూడలే. అది తవ్వి చూసేటందుకే ఒక కంపెనీ వచ్చింది. దానికి నీళ్లు మోసుడు మా కఫీల్ ఒప్పుకున్నడు. ఆ ట్యాంకర్ నడుపుడు నా పని. ఊర్ల సర్పంచు ట్రాక్టర్ మీద నేర్చుకున్న డ్రైవింగ్ గట్ల అక్కరకొచ్చింది.

ఆ లోయలకు అప్పటిదాకా గాడిద నడిచే బాటే ఉండె. రిగ్గును తెచ్చెటందుకు బుల్డోజర్లు కొండను చెక్కి, వాగు పొంటి కంకర రోడ్డు వేసినయ్. రిగ్గు అంటే తాడిచెట్టును మించిన ఇనుప బురుజు. దాని నడుమ నుంచి గొట్టాన్ని తిప్పుకుంట భూమిలకు దించుతరు. ఆ ఇనుము ముక్కలు ముక్కలుగ పెద్ద పెద్ద ట్రెయిలర్ల మీద వచ్చిన రోజు ఊరు ఊరంత రోడ్డు మీదనే ఉన్నది. ముసలోళ్లు కూడ బండ్ల ఎంబడి ఉరికిండ్రు. ఒకాయన టైరును చేత్తోటి తడిమి చూసి, ఆ చెయ్యి ముద్దుపెట్టుకున్నడు.

క్యాంపుల వంట చేసేటాయన గోదావరి జిల్లాయన. నాకంటె బాగ పెద్ద, అన్నా అని పిలిచేది. ఆయన మాట నాకు నవ్వు, నా మాట ఆయనకు నవ్వు. ఆ కొండల నడుమ తెలుగు మాట్లాడెటోళ్లం మేమిద్దరమే.

రిగ్గుకు నీళ్లు మస్తు గావాలె. మట్టిని నీళ్లల్ల కలిపి బురద చేసి, దాన్ని గొట్టంలకు కొడుతుంటరు. ఆ నీళ్లు ఊరి బావి నుంచే తేవాలె. బావి ఒక ముసలమ్మది. మొదటి రోజు నేను పైపు బావిలకు దించంగనే పాకలకెల్లి బయటికొచ్చింది. మొగం మీద తళతళ మెరిసే ముసుగు, చేతిల కర్ర.

"ఏ హిందీ, రుక్!" అని ఒక్క అరుపు అరిచింది. ఇండియావోళ్లను ఆడ హిందీ అనే పిలుస్తరు. "బావిల ఆ తెల్లరాయి కనబడుతుందా? నీళ్లు దాని కిందికి పోతే ఖలాస్. నువ్వూ ఉండవు, నీ బండీ ఉండది."

ఆమె హిందీ బొంబాయి హిందీ. "నీకు హిందీ ఎట్లొచ్చు?" అని అడిగిన.

"మా ఆయన పడవల ఖర్జూరాలు, ఎండుచాపలు వేసుకొని బంబై పోయేటోడు. మేం బంబై బియ్యం తిన్నం, బంబై బట్ట కట్టినం. అప్పుడు ఈడ నడిచినయి కూడ మీ రూపాయలే. ఆయన సముద్రంల పోయినంక నా కొడుకు కువైట్ పోయి రాళ్లు మోసిండు. ఇప్పుడు నువ్వొచ్చినవ్ మా కాడికి."

అరబ్బులంటే అందరూ షేకులే అనుకున్నోన్ని నేను. ఈమె కొడుకు కూడ నా లెక్కనే పరాయి దేశంల కూలి చేసిండా! ఆ రోజు నుంచి ఆమెను ఉమ్మా అని పిలిచిన. అమ్మ అన్నట్టే. ఆమె నన్ను వలదీ అనేది, నా కొడుకా అని.

ఆమె కాడ ఆరేడేండ్ల మనుమరాలుండె. తల్లి లేదు. ఆ పిల్ల పుట్టేటప్పుడు నొప్పులు ఆగకపోతే, ఆ తల్లిని, అంటే ఉమ్మా బిడ్డను, గాడిద మీద కట్టి సముద్రం ఒడ్డున ఉన్న దవాఖానకు బయలెల్లిండ్రట. సగం బాటలనే పిల్ల పుట్టింది, తల్లి పోయింది. ఉమ్మా ఈ ముచ్చట బావి కాడ కూసొని చెప్పింది. చెప్పి, రోడ్డు దిక్కు కర్ర చూపిచ్చింది. "ఇది అప్పుడుంటే..." అన్నది.

శుక్రవారం వచ్చిందంటే ఊరోళ్లందరు చాపలు తెచ్చుకొని రిగ్గుకు ఎదురుంగ కూసునేది. ఖహ్వా, అంటే వాళ్ల కాఫీ, తాగుకుంట ఎవరి కలలు వాళ్లు చెప్పుకునేటోళ్లు. ఒకాయన హోటల్ పెడ్తనన్నడు. ఇంకొకాయన పొడుగు కారు కొని మక్కాకు నడుపుకపోతనన్నడు. బావికి ఆవల తోట ఉన్నాయన చెట్లకు నీళ్లు పెట్టుడే మానేసిండు.

"నూనె పడినంక ఖర్జూరాలు ఎవడమ్ముకుంటడు?" అన్నడు.

"నూనె తింటవా నువ్వు?" అని ఉమ్మా గట్టిగ మందలించింది. ఆయన నవ్విండు గని నీళ్లు పెట్టలే. నాకు మాత్రం తప్పనిపించలే. నేనూ గదే ఊపుల ఉన్న. మాతోని పనిచేసేటోళ్లందరికీ కంపెనీ ఇనాం ఇస్తదని, ఈ లోయలనే బస్తీ లేస్తదని, నేను ఇంకో పదేండ్లు ఈడనే ఉంటనని నా లెక్కలు నావి.

ఒకనాడు పగటి అన్నాల యాళ్ల ట్యాంకర్ కింద పండుకున్న. వంటాయన గరిటె పట్టుకొనే ఉరికొచ్చిండు.

"తమ్ముడూ, లేవరా! బురద పొంగుతోంది! గ్యాసంట! ఆయ్, గ్యాసేరా బాబూ!"

లేచి చూస్తే పెద్ద ఇంజినీరు టోపీ పోయినా చూసుకోకుండ చేతులూపుకుంట ఉరుకుతున్నడు. పొయ్యిలు ఆర్పుమన్నరు, బండ్లు ఆపుమన్నరు, అందర్ని గాలికి ఎదురు దిక్కు నడిపిచ్చిండ్రు. గ్యాసును దూరంగ గుంతలకు ఒక గొట్టంలకెల్లి వదిలి, కాగడా ఇసిరి అంటువెట్టిండ్రు. భగ్గుమన్నది. మనిషెత్తు మంట, ఎండలనే ఎర్రగ, మీది కొన నీలంగ. మేం ఉన్న కాడికి సెగ తాకింది.

గంతే, ఊరు పొంగింది. తుపాకులు మీదికి పేల్చిండ్రు. మొగోళ్లు రెండు వరుసలు కట్టి కర్రలు పట్టుకొని పాడుకుంట ఆడిండ్రు. మేకలు కోసిండ్రు. నన్ను, వంటాయనను గుంజి వరుసల నిలబెట్టిండ్రు. నూనె నాది కాదు, దేశం నాది కాదు, అయినా నా కాళ్లు ఆగలే. వంటాయనైతే కండువా గాల్లె తిప్పుకుంట, "మా ఊళ్లో జాతరకి కూడా ఇంత గెంతలేదురా నేను!" అన్నడు.

ఉమ్మా ఆడలే, పాడలే. మంటనే చూసుకుంట నిలబడి, పెద్ద ఇంజినీరును పట్టుకొని నాతోని అడిగిచ్చింది. "ఇది ఎన్నాళ్లు మండుతది?"

"దేవుడు చల్లగ చూస్తే నీ మనుమరాలి మనుమల దాక," అని ఆయన నవ్విండు.

తెల్లారి మంట మోకాలెత్తుకు వచ్చింది. దాని మర్నాడు గొట్టం మూతి కాడ పొగ తప్ప ఏం లేదు. ఏదో చిన్న గ్యాసు గూడు తగిలిందంట, అది ఒడిసిపోయింది. ఇంకా లోతు తవ్విండ్రు. ఉప్పు నీళ్లొచ్చినయ్. ఇంకా తవ్విండ్రు. రాయి. ఆఖరికి పైనుంచి తంతి వచ్చింది, మూసెయ్యమని.

రిగ్గు ఇప్పుతుంటే చాపలేసుకొని చూసేటోళ్లు ఎవరూ రాలే. ఊర్లె వయసు పిలగాండ్లు ఒక్కొక్కరు పోలీసుల, మిలిటరీల చేరుతమని అబుదాబీ తొవ్వ పట్టిండ్రు. తోటాయన చెట్లు సగం ఎండినయ్. ఆఖరి ట్రెయిలర్ కదిలిననాడు నేను బావిలకెల్లి పైపు తీస్తుంటే ఉమ్మా వచ్చింది.

"అన్నీ కొంటవోతున్నరా?"

"అన్నీ ఉమ్మా. ఇనుము ముక్క కూడ ఇడుస్తలేరు."

"మరి రోడ్డు?"

"రోడ్డును ఎట్ల కొంటవోతరు ఉమ్మా?"

ఆమె కర్రతోటి రోడ్డును టకటక కొట్టి చూసింది. ముసుగు ఎనుక ఆమె నవ్వుతున్నదని కండ్లను చూస్తే తెలిసింది. "అయితే రేపు నన్ను బస్తీకి తోల్కపో," అన్నది.

తెల్లారి ట్యాంకర్ల కూసున్నది, మనుమరాలిని ఒళ్లె పెట్టుకొని. ఇద్దరికీ అదే మొదటిసారి మోటారు ఎక్కుడు. మలుపు మలుపుకు ఉమ్మా "యల్లా, యల్లా!" అని తొందర పెడ్తది. మనుమరాలికి హారన్ గావాలె. నొక్కనిచ్చిన. ఇగ ఆపుతదా! మేకలు, మనుషులు, రాళ్లు, దేన్ని చూసినా హారనే. బస్తీ వచ్చేదాక నా చెవులు గింగురుమన్నయ్.

సముద్రం ఒడ్డున సర్కారు కొత్తగ ఆడపిల్లల బడి తెరిచింది. ఉమ్మా అడుగుతూ అడుగుతూ సక్కగ చదువుల ఆఫీసుకే పోయింది. నన్ను ఎంట రమ్మన్నది. లోపల ముదీర్, అంటే ఆ ఆఫీసు పెద్దసారు, పిలగాడే, కోటేసుకున్నడు. ఉమ్మాను చూసి లేచి నిలబడి కుర్చీ చూపిచ్చిండు. ఆమె కూసోలే.

"మా లోయల బడికి పోయేటంత ఆడపిల్లలున్నరు. బస్సు గావాలె."

"అమ్మా, మీ లోయకు రోడ్డు లేదు. పటంల చూడు."

"నీ పటం పాతది. నేను ఆ రోడ్డు మీదనే వచ్చిన. ఈ హిందీని అడుగు."

ముదీర్ నా దిక్కు చూసిండు. "ఉన్నది సాబ్. నూనె కంపెనీ వేసింది. ట్రెయిలర్లు ఎక్కినయ్, బస్సు ఎక్కదా?" అన్న.

"అది కంపెనీ రోడ్డు కదా, సర్కారుది కాదు," అన్నడు ఆయన నసుగుకుంట.

"నా బావి నీళ్లు తాగి, నా కొండను తొలిచి పోయిండ్రు. నూనె రాలే, సరే. అబుదాబీల వచ్చింది కదా, అది మనదే అని రేడియోల చెప్తున్నరు కదా. అండ్లకెల్లి ఒక్క బస్సు ఇయ్యి."

ముదీర్ నవ్వు ఆపుకోలేకపోయిండు. మళ్ల అడిగిండు, ఆడపిల్లలను పరాయి డ్రైవర్ తోటి పంపేటందుకు తండ్రులు ఒప్పుకుంటరా అని. ఉమ్మా కర్ర నేలకు తాటిచ్చింది. "బస్సుల నేను కూసుంట. నేనున్నంక ఎవడు ఏమంటడు?"

ఆయన జీపు తీసుకొని మా ఎనుకనే వచ్చిండు, రోడ్డు చూసిండు, ఇండ్లల్లకు పోయి పిల్లలను చూసిండు. కొన్నాళ్లకు బస్సు ఒప్పందం మా కఫీల్‌కే వచ్చింది. ఆయన కాడ ఒక పాత బస్సు పడి ఉండె. దానికి పసుపు రంగు కొట్టిచ్చి తాళం నా చేతిల పెట్టిండు. సంబురంల ఆయన చెయ్యి ఎంత గట్టిగ పట్టుకున్ననో, "ఇడువురా," అన్నడు.

మొదటి రోజు పొద్దుగాల్ల ఊర్లకు పోయేటప్పటికే పిల్లలు వరుసగ నిలబడ్డరు. తలకాయలకు నూనె, చేతులకు గోరింటాకు, కొత్త బూట్లు ఎడమది కుడికి, కుడిది ఎడమకు. తండ్రులు చేతులు కట్టుకొని పక్కకు నిలబడ్డరు. ఉమ్మా ముందు సీట్ల కూసొని, "కదులు వలదీ!" అన్నది.

వాగు దాటి ఆఖరి మలుపు తిరగంగనే ఎదురుంగ సముద్రం. ఆ పిల్లలల్ల శానా మంది సముద్రాన్ని చూసుడు అదే మొదటిసారి. "బహర్! బహర్!" అని ఒక్కసారే అందరు లేచి ఒక్క పక్కకు ఉరికిండ్రు. బస్సు ఒరిగినట్టే అనిపించింది. "కూసోండి!" అని నేను తెలుగులనే మొత్తుకుంటున్న, వాళ్లు అరబ్బీల అరుస్తున్నరు, ఉమ్మా కర్రతోటి సీట్లు కొడుతున్నది. నాకైతే రిగ్గు కాడ మంట చూసిననాడు కూడ గంత సంబురం కాలే.

ఉమ్మా పిల్లలను దింపి ఎండల ఎక్కడ కూసుంటది? ఈజిప్టు నుంచి వచ్చిన పంతులమ్మ తరగతిల ఎనుక జాగా ఇచ్చింది. కొన్ని నెలలకు తిరుగు తొవ్వల బస్సు అద్దం మీది దుమ్ముల వేలుతోటి అక్షరాలు రాసుడు మొదలువెట్టింది. అద్దం తుడుస్తె ఊకునేది కాదు.

గట్ల ఏండ్లు నడిచినయ్. వానలకు రోడ్డు కోసుకపోతే ఊరోళ్లే రాళ్లు పేర్చుకున్నరు. అప్పుడు దునియల నూనె ధర పడిందన్నరు. సర్కారు చేతులు ముడుచుకున్నది. కొత్తగ కట్టే దవాఖాన గోడల కాడనే ఆగింది. మా లోయల ఒక్క చుక్క నూనె లేదు, దాని ధర పడితే మాత్రం మా బస్సు ఆగింది. కఫీల్ నన్ను షార్జా పక్కన సజ్జాకు పంపిండు. అక్కడ గ్యాసు నిజంగనే పడ్డది, పైపులు మోసే పని మస్తుగ ఉన్నది. పోయేటప్పుడు ఊర్లకు పోయి చెప్పొద్దామంటే మొగం చెల్లలే. పిల్లలు బడి మానినట్టే అనుకున్న.

కొన్ని నెలలకు సెలవు దొరికితే ఉండబట్టలేక పోయిన. షేర్ ట్యాక్సీ వాగు కాడ దింపింది. పొద్దుగాల్ల కంకర రోడ్డు మీద నడుచుకుంట మీదికి ఎక్కుతున్న. ఎదురుంగ ధూళి లేపుకుంట ఒక పికప్ వచ్చింది. ఎనుక తొట్టి నిండ ఆడపిల్లలు, మీద ఎండకు కట్టిన దుప్పటి. నడిపేది ఎవరో కాదు, ఖర్జూర చెట్లను ఎండబెట్టుకున్న ఆ తోటాయన. పక్కన ఉమ్మా. నన్ను చూసి తలుపు మీద దబదబ కొట్టి బండి ఆపిచ్చింది.

"ఎక్కు వలదీ!"

"జాగా లేదు కదా ఉమ్మా!"

"బస్సు ఆగినంక వారానికొక్క ఇంటి బండి వంతు, గంతే. జాగా ఎక్కడిది? నిలబడు!"

ఎనుక బంపర్ మీద కాళ్లు పెట్టి దుప్పటి గుంజ పట్టుకున్న. మనుమరాలు ఇప్పుడు పెద్ద పిల్ల, ఒళ్లె పుస్తకాలు. నన్ను చూసి గుర్తువట్టి, "హారన్ ఇప్పుడు నేను కొట్టను!" అని నవ్వింది. తోటాయన గేరు మార్చిండు. ముందు సీట్లకెల్లి ఉమ్మా, "నీ ముసలి బస్సు కంటె ఇదే జోరుగ పోతది, చూస్కో!" అని అరిచింది. నిజమే, జోరుగనే పోయింది. నోట్లె ధూళి పడ్డా నా నవ్వు ఆగలే.