ఒళ్లంతా చెవులు

వాక్యం రాయడం నాకు అరవై దాటాకే వచ్చింది. అందుకే పంతొమ్మిది వందల ఎనభైల్లో జరిగింది ఇప్పుడు రాస్తున్నాను.

గుంటూరు ఆసుపత్రిలో నా బిడ్డకని రెండు సీసాలిచ్చారు. ఒకటి తాగేది, ఒకటి పూసేది. ప్రత్తిపాడు బస్సెక్కాక ఏది ఏదో మరిచిపోయాను. పక్క సీటులో ఒకాయన కూతురికి ఇంగ్లీషు చెబుతున్నాడు.

"ఆల్ ఇయర్స్ అంటే ఒళ్లంతా చెవులు చేసుకుని వినటమమ్మా."

"బాబుగారూ, ఏది తాగేదో కాస్త చదివి పెట్టండి" అని మూడుసార్లు అడిగాను.

"పాఠం మధ్యలో నీ గోలేంటి? అవతలికి జరుగు, ఒంటి నిండా మిరపఘాటు!" అని ముక్కు మూసుకున్నాడు. "నువ్వు చెప్పు తల్లీ, ఆల్ ఇయర్స్‌తో ఒక వాక్యం."



ఇంటికొచ్చాక బిడ్డ మూలుగుతున్నా, భయపడి ఏ సీసా మూతా తీయలేదు. మర్నాడు తొలి బస్సుకే గుంటూరు వెళ్లి, కాంపౌండరు చేత ఒక సీసా మీద "తాగేది" అని తెలుగులో రాయించాను. అందులో మొదటి అక్షరాన్ని అక్కడే నిలబడి అరచేతిలో వేలితో దిద్దుకున్నాను.