ఒక్క వేలికి ఆగే చక్రం

మా వీధి చివర, కొండదారి మొదలయ్యే చోట రెండు కొట్లున్నాయి. ఒకటి నాది, బట్టలు కుడతాను. రెండోది సైకిల్ షాపు. దాని యజమానురాలిని అందరూ బ్రేకక్క అంటారు. కన్నవాళ్లు పెట్టిన పేరు ఆవిడకైనా గుర్తుందో లేదో!

ఆ పేరు ఊరికే రాలేదు. బాగుచేసిన సైకిల్‌ని స్టాండుకి ఎత్తి, వెనక చక్రాన్ని గిర్రున తిప్పి, బ్రేకు పిడి మీద ఒకే ఒక్క వేలు ఆనించేది. చక్రం అక్కడికక్కడే ఆగిపోవాలి. కాస్త తిరిగి ఆగిందా, మళ్లీ విప్పేది. "ఒక్క వేలు చాలు. రెండో వేలు కావాల్సొస్తే నా దగ్గరికి పట్రా, ఊరికే చేసిస్తా" అనేది. అలా తిరిగొచ్చినవాణ్ణి నేను చూడలేదు. ఆవిడ గర్వమంతా ఆ వేలి చివరే ఉండేది.

ఆవిడ అన్నయ్యది కొండదారి చూసుకునే ఉద్యోగం. అసలు ఆ దారి ఆయన వేసిందే. వయసంతా పెట్టి, కొండ ఒంపు చూసుకుంటూ పలుగూ పారతో కొట్టాడు. వాననీళ్లు దారి వెంట పారకుండా పక్కకి మళ్లాలని అక్కడక్కడా ఏటవాలుగా రాళ్లు పాతాడు. సాయంత్రం పని ముగించి కొండ దిగి వచ్చి, చెల్లెలి షాపులో బోర్లించిన డబ్బా మీద కూర్చుని టీ తాగేవాడు. మాట్లాడేదే తక్కువ, అందులో సగం దారి గురించే. "ఇవాళ మలుపు దగ్గర రాయి కదిలింది" అనేవాడు, ఇంట్లో పిల్లకి జ్వరం తగిలిందన్నట్టు.

తర్వాత బ్యాటరీ సైకిళ్లొచ్చాయి. ఒకప్పుడు కొండెక్కాలంటే కాళ్లలో సత్తువుండాలి. ఎవరో కొద్దిమంది రొప్పుతూ ఎక్కి, ఒక్కసారి దిగి, ఇంటికి పోయి పడుకునేవాళ్లు. ఇప్పుడు వెనక నుంచి మోటారు తోస్తుంటే, మెట్లెక్కడానికి ఆయాసపడే మా ఇంటి ఓనరు కూడా టోపీ పెట్టుకుని కొండ మీదే! ఎక్కడం, దిగడం, మళ్లీ ఎక్కడం. పైగా ఆ బండ్ల బరువు! ఒకసారి సాయం పడదామని ఎత్తబోయి నడుం పట్టేసి కొన్నాళ్లు మిషను తొక్కలేకపోయాను.

దారి అరిగిపోయింది. పెద్ద మలుపు దగ్గర నాగలితో దున్నినట్టు చాళ్లు పడ్డాయి. అన్నయ్య పనిచేసే ఆఫీసు నుంచి వచ్చిన మేడమ్ చూసి, ఈ వానలకి మలుపు జారితే దారి మూసేస్తామని చెప్పి వెళ్లింది. ఆ రోజు నుంచి అన్నయ్య టీకి రావడం మానేశాడు. చీకటి పడేదాకా పైనే ఉండి చాళ్లు పూడ్చుకునేవాడు.

బ్రేకక్క ఊరుకుంటుందా? వచ్చినవాళ్లందరికీ క్లాసు పీకడం మొదలుపెట్టింది. తడి నేల మీద ఎక్కొద్దు, దారి వదిలి అడ్డంపడి పోవద్దు, నడిచేవాళ్లకి తప్పుకోండి, మెల్లగా దిగండి. "మా అన్నయ్య అక్కడ నడుం విరగ్గొట్టుకుంటున్నాడు. మీకేం, సర్రున దిగి ఫొటోలు పెట్టుకుంటారు!" నేనూ నా కత్తెర ఆపి ఇంకో నాలుగు తగిలించేవాణ్ణి. తప్పంతా వాళ్లదేనని మా ఇద్దరికీ ఎంత నమ్మకమో!

ఒక సెలవురోజు బ్రేకక్క అన్నయ్యకి అన్నం తీసుకుని కొండ మీదికి బయల్దేరింది. నేనూ వెంట వెళ్లాను. ఆయన మలుపు దగ్గర కొత్తగా పోసిన మట్టిని కాలితో తొక్కుతున్నాడు. అంతలో పైనుంచి లైబ్రరీలో పనిచేసే అమ్మాయి బ్యాటరీ సైకిల్ మీద దిగుతూ కనిపించింది. బ్రేకక్క చెప్పినవన్నీ తు.చ. తప్పకుండా పాటించే పిల్ల. "చూడు తమ్ముడూ, ఎంత బుద్ధిగా వస్తోందో! అందరూ ఇలా ఉంటే ఏ గొడవా లేదు" అంది బ్రేకక్క మురిసిపోతూ.

ఆ అమ్మాయి మలుపులో బ్రేకు మీద వేలు ఆనించింది. వెనక చక్రం ఠక్కున ఆగిపోయింది. బండి ఆగలేదు. ఆగిన చక్రం ఆ బరువుతో మట్టిని కోసుకుంటూ దారి అంచు దాకా జారింది. పోసిన మట్టంతా లేచిపోయి, దాని కింద రాయి బయటపడింది.

అమ్మాయి బండి దిగి మా వైపు తిరిగింది. "అక్కా, నిజంగా మెల్లగానే వచ్చాను. మీరు చెప్పినట్టే ఒక్క వేలే పెట్టాను."

బ్రేకక్క వంగి ఆ చాలుని వేలితో తడిమింది. పక్కనున్న పాత చాళ్లని చూసింది. అన్నీ మలుపులోనే మొదలయ్యాయి, అన్నీ ఆగిన చక్రం గీసినవే. ఆవిడ మొహం అలా పాలిపోవడం నేనెప్పుడూ చూడలేదు.

"నీకు ముందే తెలుసు కదూ?" అని అన్నయ్యని అడిగింది.

"తెలుసమ్మా."

"మరి చెప్పవేం?"

"నిన్ను పిలిచే పేరే అది. ఏమని చెప్పను?" అని పార అందుకున్నాడు.

తెచ్చిన అన్నం ఎవరూ ముట్టుకోలేదు.

మర్నాటి నుంచి బ్రేకక్క ఇంటింటికీ తిరిగి బండ్లు వెనక్కి రప్పించింది. వెనక బ్రేకుకి మెత్తగా పట్టే ప్యాడ్లు వేసి, మలుపు రాకముందే వేగం తగ్గించాలని, రెండు బ్రేకులూ మెల్లమెల్లగా నొక్కాలని మొదటి నుంచీ నేర్పింది. కొందరు విన్నారు. కొందరు, "అక్క పనితనం పోయింది, బ్రేకు వదులు చేసిస్తోంది" అని మొహం చిట్లించి అవతలి వీధి షాపుకి పోయారు. ఆ మాట నా చెవిన పడ్డప్పుడల్లా ఒళ్లు మండేది. ఆవిడ మాత్రం తల దించుకుని పని చేసుకునేది.

సగం బండ్లయినా కాలేదు, వాన పట్టుకుంది. పైనుంచి వచ్చిన నీళ్లు అన్నయ్య రాళ్లని దాటేసి చాళ్లలో పడి పరుగెత్తాయి. తెల్లారేసరికి మలుపు లేదు. కొండదారికి ఇనుప కంచె కట్టి, ఆయన్ని ఆఫీసు గేటు దగ్గర కుర్చీలో కూర్చోబెట్టారు.

ఆ సాయంత్రం ఆయన టీకి వచ్చాడు. చేతులకి మట్టి లేదు. బ్రేకక్క గ్లాసు అందించింది కానీ ఆయన కళ్లలోకి చూడలేకపోయింది. కాసేపటికి ఆయన లేచి, స్టాండు మీదున్న బండి వెనక చక్రాన్ని తిప్పి, బ్రేకు మీద ఒక వేలు పెట్టాడు. చక్రం తిరుగుతూ తిరుగుతూ, మెల్లగా ఆగింది.

"ఇప్పుడు బాగుందమ్మా" అన్నాడు.

బ్రేకక్క గ్రీజు చేతులతోనే మొహం కప్పుకుని ఏడ్చింది.